కొలువు ఏజెన్సీలో, ఇల్లు ఖమ్మంలో: హోమ్ లోన్ ఏజెంటు బతుకు ఎలా సాగుతుంది?

ఇంటి రుణాలు ఇప్పించి కమీషన్ మీద బతకొచ్చా అని ఖమ్మం, కొత్తగూడెం వైపు డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు అడుగుతుంటారు. నెత్తిన పైఅధికారి ఉండడు, ఒక బైకు, ఒక ఫోను ఉంటే చాలు అని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. బతకొచ్చు. అయితే హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లకు అక్కర్లేని విద్య ఒకటి ఇక్కడ మొదటే నేర్చుకోవాలి. ఇక్కడ మనిషి జీతం చూసి ఫైలు తీసుకుంటే చాలదు, నేలను చూసి తీసుకోవాలి. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, బోర్డు ఏదీ లేకుండానే, భూమిని అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వర్తించే చట్టం మారిపోతుంది. కొనే ఇల్లు ఆ గీతకు ఏ పక్కన ఉందో దాన్ని బట్టే ఏజెంటు నెల గడుస్తుంది. అందుకే డబ్బు లెక్కతో మొదలుపెట్టి, ఆ గీత దగ్గర కాసేపు ఆగి, ఒక్కొక్కటే చూద్దాం.

ఏజెంటుకు డబ్బు ఎవరిస్తారు? ఎప్పుడిస్తారు?

రుణమిచ్చే బ్యాంకో, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీయో ఇస్తుంది. ఇల్లు కొనేవాళ్లు ఇచ్చేది కాదు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే తర్వాతవన్నీ తేలికగా అర్థమవుతాయి.

ఈ పనిలో మూడు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటివారు బ్యాంకు సొంత ఉద్యోగి. ఆయనకు నెల జీతం ఉంటుంది, టార్గెట్ దాటితే ఇన్సెంటివ్ వస్తుంది. రెండోవారు డీఎస్ఏ, అంటే సంస్థతో ఒప్పందం చేసుకుని, కోడ్ తీసుకుని, ఆ కోడ్ మీద ఫైళ్లు లాగిన్ చేసే ఏజెంటు. మూడోవారు కనెక్టర్. ఈయనకు సొంత కోడ్ ఉండదు. తనకు తెలిసిన కస్టమర్‌ను డీఎస్ఏకి అప్పగించి, వచ్చిన దాంట్లో వాటా తీసుకుంటాడు. మన చిన్న పట్టణాల్లో పని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా కనెక్టర్లే. బిల్డర్ దగ్గర సూపర్‌వైజరు, ఇన్సూరెన్స్ ఏజెంటు, డాక్యుమెంట్ రైటర్ దగ్గర పనిచేసే కుర్రాడు, వీళ్లంతా ఇలాగే ఇందులోకి వస్తారు.

కమీషన్ లెక్క అప్లికేషన్ పెట్టినందుకు కాదు, రుణం మంజూరైనందుకూ కాదు. డబ్బు నిజంగా విడుదలైతేనే పేఅవుట్. ఫైలు లాగిన్ అయి, సిబిల్ స్కోరు చూసి, లీగల్ రిపోర్టు వచ్చి, ఇంజనీరు ఇల్లు చూసి, శాంక్షన్ లెటర్ చేతికొచ్చాక కూడా కొనేవాళ్లు మనసు మార్చుకుంటే ఏజెంటుకు దక్కేది సున్నా. తిరిగిన తిరుగుళ్లకు, పెట్రోలుకు ఎవరూ లెక్క కట్టరు. కడుతున్న ఇంటికి రుణమైతే డబ్బు విడతలుగా వస్తుంది. బేస్‌మెంటుకు కొంత, స్లాబుకు కొంత, ఫినిషింగుకు మిగతాది. కమీషనూ ఆ విడతల వెంటే వస్తుంది. మేస్త్రీ దొరక్క స్లాబు రెండు నెలలు ఆగితే ఏజెంటు డబ్బూ రెండు నెలలు ఆగుతుంది.

ఇంకో మెలిక ఉంది. రుణం తీసుకున్న కొద్ది నెలలకే కస్టమర్ దాన్ని వేరే బ్యాంకుకు మార్చుకుంటే ఇచ్చిన కమీషన్‌ను వెనక్కి పట్టుకునే షరతు చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణాన్ని ముందే తీర్చేస్తే బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. అది కొనుగోలుదారుకు మంచి రక్షణ, నేను మనస్ఫూర్తిగా సమర్థించే నిబంధన. కానీ దానివల్ల కస్టమర్ ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు కనుక, ఒప్పందంలో ఆ వెనక్కి పట్టుకునే గడువు ఎన్ని నెలలో చదవకుండా ఏజెంటు సంతకం పెట్టకూడదు.

నెలకు చేతిలో ఎంత మిగులుతుంది?

శాతం సంస్థను బట్టి, ఏజెంటు ఆ నెల తెచ్చిన మొత్తం వ్యాపారాన్ని బట్టి మారుతుంది. ఇంటి రుణం మీద అది నూటికి ఒక రూపాయి లోపే ఉండటం మామూలు. లెక్క కోసం అర్ధరూపాయి అనుకుందాం. 25 లక్షల రుణం విడుదలైతే 12,500 రూపాయలు. మీరు కనెక్టరై, డీఎస్ఏ మీకు అందులో 60 శాతం ఇస్తే 7,500. నెలకు నాలుగు ఫైళ్లు, సగటున 20 లక్షలవి పూర్తయ్యాయనుకుంటే మొత్తం 80 లక్షలు, కమీషన్ 40,000, కనెక్టర్ వాటా 24,000. ఇందులోంచి పెట్రోలు, ఫోను, జిరాక్సులు పోవాలి. నాలుగు ఫైళ్లు పూర్తవ్వాలంటే ఎన్ని మొదలుపెట్టాలో, ఎన్ని మధ్యలో పోతాయో కొత్తవాళ్లు ఊహించరు.

పైగా నెలలన్నీ ఒకేలా ఉండవు. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, మూఢం వస్తే చాలా కుటుంబాలు రిజిస్ట్రేషన్ కూడా వాయిదా వేస్తాయి. శ్రావణం రాగానే ఊపందుకుంటుంది, దసరాకు పెరుగుతుంది, మార్చిలో టార్గెట్ల కోసం సంస్థలే వెంటపడతాయి. కమీషన్ మీద బతికేవాళ్లు పంచాంగాన్నీ ఆర్థిక సంవత్సరాన్నీ పక్కపక్కనే పెట్టుకుని ఇంటి ఖర్చు వేసుకోవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా ఉన్న ఉద్యోగం మానేసి ఇందులోకి దిగవద్దని నా సలహా.

పన్ను సంగతీ మొదటి నెల నుంచే తెలిసి ఉండాలి. కమీషన్ మీద టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 2 శాతం, అంతకుముందు 5 ఉండేది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. చిన్న వ్యాపారులు అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపించి లెక్కల పుస్తకాల బాధ తప్పించుకునే సదుపాయం ఆదాయపు పన్నులో ఉంది కదా, అది కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి వర్తించదు. కాబట్టి పెట్రోలు బిల్లు నుంచి జిరాక్సు రసీదు దాకా దాచుకోవాల్సిందే. జీఎస్టీ విషయంలో మాత్రం ఊరట ఉంది. వ్యక్తిగా పనిచేసే డీఎస్ఏ బ్యాంకుకు అందించే సేవ మీద పన్నును 2018 జులై 27 నుంచి బ్యాంకే కట్టాలి.

భద్రాచలంలో ఇంటికి రుణం ఎందుకంత కష్టం?

బయటి నుంచి వచ్చిన ఉద్యోగులు, కొత్త ఏజెంట్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువమంది తప్పుగా జవాబు చెప్పుకునేదీ దీనికే. ‘వన్ ఆఫ్ సెవెంటీ వల్ల’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ చట్టం ఏం చెబుతుందో, ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పరు.

మన్యంలో, అంటే గిరిజనులుండే ఏజెన్సీ ప్రాంతంలో, భూమి చేతులు మారింది ఎక్కువగా అప్పు దారిలోనే. ఉప్పుకో, విత్తనానికో, పెళ్లికో షావుకారి దగ్గర చిన్న అప్పు తీసుకోవడం, వడ్డీ కొండలా పెరగడం, చివరికి చేను ఆయన పేరు మీదికో, సాగులోకో వెళ్లిపోవడం. భద్రాచలం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి ఏజెన్సీలో ఉండేది. అక్కడి ప్రభుత్వమే 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. చట్టం పేరులోనే వడ్డీని, భూబదిలీని పక్కపక్కన పెట్టారు, రెండూ ఒకే రోగమని తెలుసు కనుక. వడ్డీ ఏడాదికి నూటికి 24 మించకూడదని, గిరిజనుడి భూమి బయటివారికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని అందులో రాశారు. చట్టం ఉన్నా భూమి పోతూనే వచ్చింది.

తర్వాత 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నిబంధన వచ్చింది. దాన్ని 1963 డిసెంబరు 1 నుంచి తెలంగాణ జిల్లాలకూ వర్తింపజేశారు. అసలు మలుపు 1970లో చేసిన మొదటి నిబంధన. జనం నోట 1/70 అయింది అదే. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్న స్థిరాస్తి విషయంలో, అమ్మేవారు గిరిజనులైనా కాకపోయినా, కొనేవారు మాత్రం గిరిజనులో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో అయి ఉండాలి. లేకపోతే ఆ బదిలీ చెల్లదు. గిరిజనేతరుల అధీనంలో ఉన్న ఆస్తి గిరిజనుల నుంచి వచ్చిందేనని, అలా కాదని రుజువయ్యేదాకా, చట్టం భావిస్తుంది. ఇది రాజ్యాంగానికి లోబడే ఉందని సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పింది. ఇక్కడ స్థిరాస్తి అంటే పొలం ఒక్కటే కాదు, ఇంటి స్థలం, ఇల్లూ కూడా.

చాలామంది ఏజెంట్లకు తెలియని భాగం ఇప్పుడు చెబుతాను. ఈ నిబంధన ‘బదిలీ’ అన్నప్పుడు అమ్మకంతో పాటు తాకట్టునూ కలిపి చెబుతుంది. మరి బ్యాంకులకు దారి పూర్తిగా మూసేసిందా? లేదు. తర్వాత చేర్చిన 3-ఏ సెక్షను ప్రకారం, ఆస్తిని స్వాధీనం చేయకుండా, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో, ఆర్థిక సంస్థకో, సహకార సంఘానికో తాకట్టు పెట్టవచ్చు. గిరిజనులైనా, కాకపోయినా. కానీ అప్పు తీరక ఆ ఆస్తిని వేలం వేయాల్సి వస్తే గిరిజనులకో, గిరిజనుల సంఘానికో మాత్రమే అమ్మాలి.

బ్యాంకు వెనకాడేది సరిగ్గా ఇక్కడే. ఇంటి రుణానికి హామీ ఆ ఇల్లే. రేపు వాయిదాలు ఆగితే ఆ ఇల్లు ఎంతకు అమ్ముడుపోతుందన్నదే బ్యాంకు చూసుకునేది. కొనేవాళ్లు తక్కువగా ఉంటే ధర పడిపోతుంది. గిరిజనేతరుల ఆస్తి అయితే అసలు పత్రం 1970కి ముందుదా, భూబదిలీ నిబంధన కింద ఎల్‌టీఆర్ కేసు ఏదైనా నడిచిందా అన్న ప్రశ్నలు లీగల్ అడ్వకేటు ముందుంటాయి. పట్టణంలో చేతులు మారే చాలా స్థలాలకు తెల్లకాగితం మీదో, నోటరీ కాగితం మీదో రాసుకున్న ఒప్పందమే ఆధారం. రుణమిచ్చే సంస్థ దృష్టిలో దానికి విలువ లేదు.

నా అభిప్రాయం దాచుకోను. ఈ చట్టాన్ని వ్యాపారానికి అడ్డంకిగా చెప్పుకోవడం తప్పు. తాకట్టు కాగితం వల్లే అడవి అంచున వేల ఎకరాలు పోయిన చోట, తాకట్టు పెట్టుకునేవాడి మీద ఆంక్ష ఉండటం న్యాయం. కోయ, కొండరెడ్డి కుటుంబాలకు మిగిలిన నేలకు ఇప్పటికీ ఉన్న కాపలా అదే. ఇంటి రుణాల మీద బతకాలనుకునేవాళ్లు ఈ చట్టాన్ని పక్కదారి పట్టించే ఉపాయాలు వెతక్కూడదు. గిరిజనుడి పేరున రాయించి గిరిజనేతరుడు ఇల్లు కట్టుకునే బినామీ ఏర్పాటుకు రుణం ఇప్పిస్తానని ఎవరైనా అంటే, ఆ ఏజెంటుకు దూరంగా ఉండండి.

ఆ గీత ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

రెవెన్యూ గ్రామాన్ని బట్టి. పట్టణం పేరు చూసి కాదు, మండలం చూసీ కాదు. గోదావరి ఒకప్పుడు మద్రాసు రాష్ట్రానికీ నిజాం రాజ్యానికీ మధ్య హద్దు. అందుకే 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించినప్పుడు నదికి ఇవతల ఒక ఉత్తర్వు, అవతల ఒక ఉత్తర్వు వచ్చాయి. భద్రాచలం వైపు తూర్పుగోదావరి ఏజెన్సీ అని మొత్తంగా చేర్చారు. పాల్వంచ, ఇల్లెందు వైపు కొన్ని ఊళ్లను పేరుపేరునా మినహాయించి మిగతావి చేర్చారు. కాబట్టి ఇటు పక్కన ఒక ఊరు జాబితాలో ఉండి, పొరుగూరు లేకపోవచ్చు. ఇప్పటి ఖమ్మం జిల్లాలోనూ షెడ్యూల్డ్ గ్రామాలున్నాయి.

జిల్లాలు మారినా ఈ జాబితా మారలేదు. భద్రాచలం 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లి, పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. భద్రాచలం పొలిమేర దాటి ఎటపాకలో స్థలం చూపిస్తే రాష్ట్రం మారుతుంది, రిజిస్ట్రేషన్ శాఖ మారుతుంది, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ వేరే చోట తీయాలి. 1/70 మాత్రం అక్కడా ఉంటుంది. రాష్ట్రం మారింది కదా, చట్టం ఉండదులే అని చెప్పేవాళ్ల మాట నమ్మి అడ్వాన్సులు ఇవ్వకండి.

అడవి భూమి సంగతి ఇంకా స్పష్టం. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు వస్తుంది తప్ప అమ్మడానికీ, మరొకరికి బదలాయించడానికీ వీల్లేదు. దాన్ని తాకట్టుగా చూపి ఇంటి రుణం ఫైలు ఎవరూ పెట్టలేరు.

మరి ఈ దారిలో ఏజెంటుకు పని ఎలా దొరుకుతుంది?

జీతం ఏజెన్సీలో ఉంది, ఇల్లు మైదానంలో ఉంది కనుక. కొత్తగూడెంలో సింగరేణి కేంద్ర కార్యాలయం, ఇల్లెందు, మణుగూరు గనులు, పాల్వంచలో కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం, మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం, అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం, సారపాకలో ఐటీసీ కాగితపు మిల్లు. నెలనెలా బ్యాంకులో జీతం పడే ఇంతమంది ఒక్కచోట ఉన్న ప్రాంతాలు తెలంగాణలో తక్కువ. వీళ్లు క్వార్టర్లలో ఉంటారు. పదవీ విరమణ తర్వాత ఆ క్వార్టరు ఖాళీ చేయాలి. అందుకని పిల్లల చదువు చూసుకుని ఖమ్మంలోనో, సొంతూళ్లోనో, హైదరాబాద్‌లోనో ఇల్లు కొంటారు. మణుగూరులో షిఫ్టు దిగిన ఉద్యోగి ఖమ్మంలో ఫ్లాటు కోసం సంతకాలు పెడతాడు. ఏజెంటు పని ఈ రెంటి మధ్య ఉన్న దూరంలోనే పుడుతుంది. ఒకే రోజు పేస్లిప్పులు గని దగ్గర తీసుకోవాలి, లింకు డాక్యుమెంట్లు ఖమ్మంలో అమ్మకందారు దగ్గర తీసుకోవాలి. షిఫ్టుల్లో పనిచేసే మనిషికి బ్యాంకు చుట్టూ తిరిగే తీరిక ఉండదు. ఆ తిరుగుడు తానే తిరిగినందుకే ఏజెంటుకు విలువ.

ఈ రంగంలో ప్రచారం కన్నా నోటిమాటే బలం. ఒక గనిలో ఒకరికి పని సాఫీగా చేసి పెడితే, ఆ షిఫ్టులో ఇంకో ముగ్గురు ఫోన్ చేస్తారు. ఒకరిని తప్పుడు ప్లాటులో ఇరికిస్తే కాలనీ మొత్తం తలుపు మూస్తుంది. అందుకే మంచి ఏజెంటు చేసే మొదటి పని చాలాసార్లు వద్దనడమే. ‘అన్నా, ఈ స్థలానికి లోను రాదు. అడ్వాన్సు ఇవ్వకు’ అని ముందే చెప్పగలిగినవాడికి ఆ రోజు రూపాయి రాదు. కానీ ఆ అన్న మరో స్థలం చూసుకున్నాక తిరిగి వచ్చేది అతని దగ్గరికే. కమీషన్ బతుకులో ఎన్నేళ్లు నిలుస్తారన్నది ఇలా వదులుకున్న ఫైళ్ల మీద ఆధారపడుతుందని నేను నమ్ముతాను.

మైదానంలో ఇల్లయితే ఫైలు ఎక్కడ ఆగుతుంది?

కొన్నిసార్లు కాగితంలో, కొన్నిసార్లు వయసులో, ఎక్కువసార్లు చేతిలోని డబ్బులో.

కాగితం సంగతి ముందు. పంచాయతీ లేఔటులో అనుమతి లేని ప్లాటు, లేఔటు క్రమబద్ధీకరణ (ఎల్ఆర్ఎస్) ఫీజు కట్టని ప్లాటు, వ్యవసాయ భూమిగానే ఉండిపోయి నాలా మార్పిడి కాని స్థలం, ఇవన్నీ లీగల్ దగ్గర ఆగిపోతాయి. బకాయి పడితే కోర్టుకు వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారాన్ని సంస్థలకిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఖమ్మం చుట్టూ ఎకరాలను గజాలుగా మార్చి అమ్మే చోట కాగితం మీద అది ఇంకా పొలమేనా అన్నది బ్యాంకు ముందు చూసేది అందుకే.

వయసు లెక్క చాలామంది మరిచిపోతారు. సింగరేణిలో పదవీ విరమణ వయసు 61. ముప్పై ఏళ్లవాళ్లకు 25 లక్షలు 20 ఏళ్లకు ఇస్తే, వడ్డీ 8.5 శాతం అనుకుంటే, నెలకు 21,696 రూపాయల వాయిదా. యాభై ఏళ్లు నిండినవాళ్లకు విరమణ లోపు 11 ఏళ్లే ఉంటాయి. అదే 25 లక్షలకు వాయిదా 29,216 అవుతుంది. పేస్లిప్పులో ఇప్పటికే సొసైటీ అప్పు, బండి అప్పు కోతలు ఉంటే మంజూరయ్యే మొత్తం తగ్గిపోతుంది. సంపాదించే కొడుకునో, కూతురునో, భార్యనో సహ దరఖాస్తుదారుగా చేర్చడం ఇలాంటప్పుడు దారి.

ఇక చేతి డబ్బు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు రుణమైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు. 30 నుంచి 75 లక్షల మధ్య రుణానికి 80, ఆపైన 75 శాతం. 30 లక్షల ఇంటికి గరిష్ఠంగా 27 లక్షలు. మిగతా 3 లక్షలు సొంతంగా తేవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు. తెలంగాణలో 2021 జులై సవరణ తర్వాత స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే మరో రెండుంపావు లక్షలు. మొత్తం 5,25,000 చేతిలో లేకుండా ఆ ఇంటికి దిగకూడదు. దీనికి తోడు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఈ లెక్క మొదటి రోజే కాగితం మీద రాసి చూపించే ఏజెంటు అరుదు. రాసి చూపిస్తే సగం ఫైళ్లు రాకుండా పోతాయని భయం. పోనివ్వండి. అవి ఎలాగూ మధ్యలో ఆగే ఫైళ్లే.

‘హోమ్ లోన్ రాదు, పర్సనల్ లోన్ ఇప్పిస్తా’ అంటే?

ఆ మాటలోనే ఈ వృత్తికి పెద్ద పరీక్ష ఉంది. ఏజెన్సీలో స్థలం ఉన్న ఉద్యోగికి ఇంటి రుణం రాకపోతే, జీతం మీద వ్యక్తిగత రుణం తీసుకుని కట్టుకోమని చెప్పడం తేలిక. దానికి లీగల్ లేదు, ఇంజనీరు రాడు, కొద్ది రోజుల్లో డబ్బు పడుతుంది. ఏజెంటుకు కమీషన్ శాతమూ సాధారణంగా ఇంటి రుణం కన్నా ఎక్కువే.

కుటుంబం మీద పడే బరువు చూడండి. 10 లక్షల వ్యక్తిగత రుణం, 13 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకుంటే వాయిదా 22,753. ఇందాక చెప్పిన 25 లక్షల, 20 ఏళ్ల ఇంటి రుణం వాయిదా కన్నా ఇది ఎక్కువ! ఆ డబ్బుతో కట్టిన ఇల్లు గిరిజనేతరుడిదైతే, కింద ఉన్న నేల మీద హక్కే నిలవని పరిస్థితి. అప్పు మాత్రం నిలుస్తుంది. ఇలాంటి ఫైలు చేయడం నేరం కాకపోవచ్చు. చేయకూడని పని.

అప్పును బట్టి కమీషన్ మారితే మనిషి ఎటు మొగ్గుతాడో అమెరికా పెద్ద మూల్యం చెల్లించి తెలుసుకుంది. అక్కడ ఎక్కువ వడ్డీకి రుణం అంటగడితే లోన్ ఆఫీసరుకు ఎక్కువ ముట్టే పద్ధతి ఉండేది. 2008 గృహరుణ సంక్షోభం తర్వాత, 2011 ఏప్రిల్ నుంచి వడ్డీ రేటు, ఇతర షరతుల మీద ఆధారపడి ప్రతిఫలం ఇవ్వడాన్ని నిషేధించారు. రుణం మొత్తం మీద శాతం ఇవ్వవచ్చు, వడ్డీ పెంచినందుకు ఇవ్వకూడదు. 2008లో వచ్చిన సేఫ్ చట్టం కింద బ్యాంకుల బయట పనిచేసే లోన్ ఆఫీసర్లు కనీసం 20 గంటల శిక్షణ, జాతీయ పరీక్ష, లైసెన్సు పూర్తిచేయాలి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో మనవాళ్లు ఈ పని చేయాలన్నా అంతే. మన దగ్గర ఇన్సూరెన్స్ అమ్మాలంటే పరీక్ష రాయాలి. లక్షల ఇంటి రుణం ఇప్పించే ఏజెంటు దాకా వచ్చేసరికి సంస్థ ఇచ్చే కోడ్, ప్రవర్తనా నియమావళి మాత్రమే. 1/70 అంటే ఏమిటో తెలియని మనిషి కూడా భద్రాచలంలో ఫైళ్లు సేకరించగలడు. కనీసం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పనిచేసే ఏజెంట్లకైనా భూచట్టాల మీద శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేయాలి.

గిరిజన ఉద్యోగులకు, కుటుంబాలకు దారి ఏమిటి?

భద్రాచలంలో పనిచేసే కోయ టీచరు అక్కడే ఇల్లు కొనుక్కోవడానికి చట్టం అడ్డు రాదు. రుణం కోసం 3-ఏ కింద ఆమోదం ఉన్న బ్యాంకును ఎంచుకోవాలి. ఏజెంటు తన కోడ్ ఉన్న సంస్థకే ఫైలు తోయకుండా, ఆ సంస్థకు అక్కడ తాకట్టు పెట్టుకునే వీలుందా అని ముందే రాతపూర్వకంగా అడగాలి. ఎస్టీ ధ్రువపత్రం, అమ్మకందారు పత్రాలు, ఎల్‌టీఆర్ కేసులు లేవన్న ఆధారం సిద్ధం చేసుకుంటే బ్యాంకు మేనేజరుకు కాదనడానికి కారణాలు తగ్గుతాయి. ఇలాంటి ఫైలుకు నెలలు పట్టవచ్చు, కమీషన్ అంతే వస్తుంది. అయినా ఈ ప్రాంతంలో ఏజెంటు చేయగల అతి గౌరవమైన పని ఇదేనంటాను.

జీతం లేని కుటుంబాలకు రుణం కన్నా ప్రభుత్వ సాయమే ముందు. సొంత స్థలం ఉన్న పేదలకు ఇంటి నిర్మాణానికి 5 లక్షలిచ్చే ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించారు. అది అప్పు కాదు. అందులో ఎవరికీ కమీషన్ లేదు. ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇల్లు కొనేవాళ్లు ఏజెంటుకు ఏమైనా ఇవ్వాలా?

అక్కర్లేదు. ప్రాసెసింగ్ ఫీజు నేరుగా సంస్థ ఖాతాలోకి వెళ్లాలి, రసీదు రావాలి. ఏజెంటు ఫోనుకు డబ్బు పంపమంటే పంపకండి. ‘శాంక్షన్ నా చేతిలో ఉంది’ అంటే అది అబద్ధం. రుణం మంజూరు చేసే నిర్ణయాన్ని బ్యాంకులు బయటివారికి అప్పగించకూడదని రిజర్వు బ్యాంకు 2006 నుంచి చెబుతోంది. ఏజెంటు చేసిన దానికి బాధ్యత బ్యాంకుదే. 2024 అక్టోబరు 1 నుంచి ఇంటి రుణాలకు కూడా వడ్డీ, ఫీజులు, అన్ని ఖర్చులు కలిపిన వార్షిక రేటు చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అది చదివాకే సంతకం పెట్టండి. అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని అడగండి, అడిగే హక్కు మీకుంది.

అమ్మకందారుకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఏజెంటును, వకీలును రెండు ప్రశ్నలు అడగండి: ఈ స్థలం ఏ రెవెన్యూ గ్రామంలో ఉంది? ఆ గ్రామం షెడ్యూల్డ్ జాబితాలో ఉందా? రెండింటికీ కాగితం చూపించి జవాబు చెప్పేదాకా అడ్వాన్సు మీ దగ్గరే ఉంచుకోండి.